వెనక జట్టు ఆగి చూస్తుంటే ముందున్నవాళ్లం ఏం చేయాలి?

పానగల్లు వాసి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మాది నల్లగొండ. ఉద్యోగ విరమణ తరువాత నేనూ, నా ముగ్గురు మిత్రులూ కలిసి గోల్ఫ్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. వారంలో రెండు రోజులు ఒక మిత్రుని పొలంలో, వరి కోత అయిపోయిన మడిలో, కొయ్యకాళ్ల మీద పాత చాప పరచుకొని బంతులు కొడతాము. నెలలో రెండు ఆదివారాలు తెల్లవారుజామున మూడున్నరకే కారులో బయలుదేరి, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా హైదరాబాదు చేరి, బయటివారిని రుసుము మీద అనుమతించే ఒక గోల్ఫ్ కోర్సులో (మైదానంలో) పద్దెనిమిది హోల్స్ (ఒక్కోదాని చివర బంతిని గుంటలో వేయాలి) ఆడి, మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం కడతాము. ఈ వయసులో ఈ ఆట మాకు ఎంత ఇష్టమైపోయిందో చెప్పడానికి ఆ ప్రయాణం ఒక్కటే చాలు.

గత ఆదివారం జరిగిన ఒక విషయం మీద అనుభవజ్ఞుల అభిప్రాయం కోరుతున్నాను. ఆ రోజు మాది ఆరు గంటల ఇరవై నిమిషాల టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం). ఏడవ హోల్, నాలుగు పార్, అంటే బాగా ఆడేవారు నాలుగు దెబ్బల్లో ముగించవలసినది. మాలో ఒకరి డ్రైవ్ (టీ అనే ఆరంభ స్థలం నుంచి కొట్టే మొదటి దెబ్బ) కుడివైపు తుమ్మచెట్ల కిందికి పోయింది. నలుగురమూ బ్యాగులు ఫెయిర్‌వేలోనే (గడ్డి కత్తిరించిన ప్రధాన దారిలోనే) వదిలేసి, ఐరన్లతో (ఇనుప తల ఉన్న కర్రలతో) గడ్డి పక్కకు తీసుకుంటూ వెతుకుతున్నాము. ఎంతసేపు వెతికామో గడియారం చూసుకోలేదు గానీ ఐదారు నిమిషాలకు తక్కువ ఉండదు. మేము ఇంకా అక్కడే ఉండగా వెనక జట్టులోని ఒకాయన ఏ హెచ్చరికా లేకుండా టీ మీద నుంచి కొట్టేశారు. ఆ బంతి మా మిత్రునికి పదిహేను అడుగుల దూరంలో, ఎండకు గట్టిపడిన నేల మీద పడి, టక్కున లేచి, ఆయన భుజం పక్కగా వెళ్లిపోయింది. క్షమాపణ మాట అటుంచి, ఎనిమిదవ టీ దగ్గర వారు మమ్మల్ని కలిసినప్పుడు, ‘ఆట రానివాళ్లు ఆదివారం పొద్దున ఎందుకు వస్తారు’ అని మాకు వినపడేటట్టుగానే అన్నారు.

ఆ మిత్రునికి అరవై ఏడేళ్లు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. మిగిలిన హోల్స్ అన్నీ ఒక్క మాట మాట్లాడకుండా ఆడారు. తిరిగి వస్తూ చౌటుప్పల్ దగ్గర ఆగినప్పుడు, టీ మీద మీగడ కట్టేదాకా గ్లాసు చేతిలో పట్టుకొని కూర్చున్నారే తప్ప తాగలేదు. ‘వచ్చే నెల మీరు ముగ్గురూ వెళ్లి రండి’ అన్నారు.

మా వైపు తప్పేమీ లేదని నేను అనడం లేదు. ఆ రోజు మా ఆట ముగియడానికి ఐదు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. తొమ్మిదవ హోల్ దగ్గర నిలబడి చూస్తే మా ముందు జట్టు కనుచూపు మేరలో లేదు. నేర్చుకుంటున్నవాళ్లకు ఎక్కువ దెబ్బలు పడతాయి, ఎక్కువ దెబ్బలకు ఎక్కువ సమయం పడుతుంది. ఇందులో మేము మార్చుకోగలిగినది ఏమిటి? వెనకవారికి దారి ఇవ్వడం నియమమా, మర్యాదా? ఇవ్వాలంటే ఎప్పుడు, ఎక్కడ నిలబడి ఇవ్వాలి? మాకు ఇవి చెప్పినవారు ఎవరూ లేరు. స్వింగ్ నేర్పిన శిక్షకుడు కూడా ఈ సంగతుల జోలికి పోలేదు.

పిల్లలమర్రి నీడ:

నమస్కారం సార్. మాది మహబూబ్‌నగర్. ఇరవై రెండేళ్లుగా ఆడుతున్నాను; అందులో కొన్నేళ్లు ఒక క్లబ్బు పోటీల కమిటీలో కూడా పనిచేశాను. మొదట ఆ బంతి సంగతే చెబుతాను, ఎందుకంటే మిగిలిన చర్చ అంతా దాని తరువాతనే రావాలి. గోల్ఫ్ బంతి బరువు నలభై ఆరు గ్రాములకు కొంచెం తక్కువ. డ్రైవర్ (ఎక్కువ దూరం కొట్టే కర్ర) దెబ్బ తిన్న ఆ బంతి తలకు తగిలితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ముందు జట్టు తన దెబ్బ అందే దూరంలో ఉన్నంతవరకు ఎవరూ కొట్టకూడదు. పొరపాటున బంతి మనుషుల వైపు పోతే ఆ క్షణమే ‘ఫోర్’ (జాగ్రత్త అనే హెచ్చరిక) అని గొంతెత్తి అరవాలి. మీరు ఎంత ఆలస్యం చేసినా ఆయన చేసిన పనికి అది సమర్థన కాదు. గోల్ఫ్ నియమావళి మొదటి నియమంలోనే తోటివారిని గౌరవించడం అంటే ఏమిటో చెబుతూ మూడు ఉదాహరణలు ఇచ్చారు: ఆలస్యం లేకుండా ఆడటం, ఇతరుల భద్రత చూసుకోవడం, మరొకరి ఆటకు అంతరాయం కలిగించకపోవడం. మొదటి దాని పేరు చెప్పుకొని రెండవదాన్ని తొక్కేసినవారికి మర్యాద గురించి మాట్లాడే అర్హత ఉండదు. ఇలాంటిది మళ్లీ జరిగితే వాదనకు దిగకండి. హోల్ నంబరు, సమయం గుర్తు పెట్టుకొని కోర్సులో ఆటను పర్యవేక్షించే మార్షల్‌కు గానీ, జట్లను వరుసగా ఆటకు పంపే స్టార్టర్‌కు గానీ అక్కడికక్కడే చెప్పండి.

ఇక వేగం సంగతి. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది: ముందు జట్టు కనపడలేదన్నారు. వెనకవారు ఎంత అసహనంగా ఉన్నారన్నది కొలమానం కాదు. మన ముందు జట్టుకూ మనకూ మధ్య ఎంత ఎడం ఏర్పడిందన్నదే కొలమానం. ముందు జట్టు వెనకాలే మనం ఉన్నట్టయితే, వెనకవారు వంద సార్లు నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడినా మనం చేయగలిగింది ఏమీ లేదు. ముందు ఒక హోల్ పూర్తిగా ఖాళీ అయి, వెనకవారు ప్రతి దెబ్బకూ ఆగవలసి వస్తుంటే మాత్రం దారి ఇవ్వాలి. నియమావళి కూడా వేగంగా ఆడే జట్టును ముందుకు పోనివ్వమని ప్రోత్సహిస్తున్నది. దానివల్ల మనకు చిన్నతనం ఏమీ లేదు. రోడ్డు మీద వెనక బండికి పక్కకు జరిగి దారి ఇచ్చినప్పుడు మన బండి పరువు పోతుందా?

నేర్చుకుంటున్నవాళ్లకు దెబ్బలు ఎక్కువ కనుక ఆలస్యం తప్పదన్న మీ మాటతో నేను ఏకీభవించలేను. ఒక చిన్న లెక్క చూడండి. మీ మిత్రునికి కూడా చూపించండి. నలుగురు, తలా వంద దెబ్బలు, మొత్తం నాలుగు వందలు. ఒక్కో దెబ్బ దగ్గర పదిహేను సెకన్లు అనవసరంగా పోతే ఆరు వేల సెకన్లు, అంటే వంద నిమిషాలు. మీ ఐదు గంటల ఇరవై నిమిషాల్లో నుంచి వంద నిమిషాలు తీసేయండి, మూడు గంటల నలభై నిమిషాలు మిగులుతుంది. స్వింగ్‌కు పట్టేది రెండు సెకన్లు కూడా కాదు. సమయమంతా పోయేది దెబ్బకూ దెబ్బకూ మధ్య, మన వంతు వచ్చిన తరువాత మొదలుపెట్టే పనుల్లో. గ్లవ్ తొడుక్కోవడం, దూరం చూసుకోవడం, క్లబ్బు (కొట్టే కర్ర) ఎంచుకోవడం, గాలి ఎటు ఉందో గడ్డి ఎగరేసి చూడటం, ఇవన్నీ పక్కవారు ఆడుతున్నప్పుడే, వారికి అడ్డం రాకుండా, కదలకుండా, చేసుకోగలిగిన పనులు. నలుగురూ ఒకరి తరువాత ఒకరు ఈ పనులు మొదలుపెడితే ఆట నత్తనడక నడుస్తుంది. నలుగురూ ఒకేసారి చేసుకుంటే అదే నలుగురు, అవే దెబ్బలు, నాలుగున్నర గంటల్లో ముగుస్తుంది.

2019లో నియమాలను పెద్ద ఎత్తున సవరించినప్పుడు ఈ బాధనే దృష్టిలో పెట్టుకున్నారు. అంతకుముందు బంతి వెతకడానికి ఐదు నిమిషాలు ఉండేది; ఇప్పుడు మూడు నిమిషాలే. వెతకడం మొదలుపెట్టిన క్షణం నుంచి లెక్క. మూడు నిమిషాలు దాటాక దొరికినా అది పోయిన బంతే. ఆటంకం లేకుండా ఆడే వీలు చిక్కిన తరువాత నలభై సెకన్లకు మించకుండా కొట్టాలని, మామూలుగా అంతకంటే త్వరగానే కొట్టగలగాలని సిఫారసు చేశారు. స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కించే ఆటలో) హోల్‌కు దూరంగా ఉన్నవారే ముందు ఆడాలన్న పట్టింపు కూడా సడలించి, ఎవరికీ ప్రమాదం లేనట్టయితే సిద్ధంగా ఉన్నవారు ముందు కొట్టవచ్చన్నారు. గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పట్ చేసేటప్పుడు (బంతిని గుంటలోకి దొర్లించేటప్పుడు) గుంటలోని జెండా తీయనవసరం లేదు. బంతి దానికి తగిలినా పెనాల్టీ లేదు. ఇవి తెలియక పాత పద్ధతిలో జెండా తీసి, పెట్టి, మళ్లీ తీసే జట్లను ఇప్పటికీ చూస్తున్నాను.

ఏడవ హోల్ దగ్గర మీరు చేయవలసింది ఇది. డ్రైవ్ తుమ్మచెట్ల వైపు పోవడం చూసిన వెంటనే, టీ వదలకముందే, మీ మిత్రుడు ‘ప్రొవిజనల్ కొడుతున్నాను’ అని స్పష్టంగా చెప్పి ఇంకో బంతి కొట్టాలి; మొదటిది దొరకకపోతే దానితోనే ఆడతారు. ఆ మాట చెప్పకుండా కొడితే రెండవదే అసలు బంతి అయిపోతుంది, జాగ్రత్త. తరువాత ఇద్దరు వెతకాలి, మిగిలిన ఇద్దరు తమ దెబ్బలు కొట్టేసి వచ్చి చేరాలి. నలుగురూ బ్యాగులు వదిలేసి వెతకడం స్నేహధర్మమే, కాదనను. కానీ ఆ స్నేహానికి మూల్యం వెనక ఉన్న నలుగురు, వారి వెనక ఉన్న మరో నలుగురు చెల్లిస్తున్నారు. బంతి తొందరగా దొరకదని తోచిన వెంటనే, మూడు నిమిషాలు పూర్తయ్యేదాకా ఆగకుండా, వెనకవారికి చేయి ఊపి రమ్మనండి. రమ్మన్న తరువాత మీరంతా ఒక పక్కకు, చెట్టు దగ్గరో బండి దగ్గరో, వారి కంటికి కనపడేటట్టు నిలబడి, వాళ్లు కొట్టి మిమ్మల్ని దాటి, దెబ్బ అందనంత దూరం పోయేవరకు మళ్లీ మొదలుపెట్టకండి. రమ్మని, మధ్యలో బంతి దొరికిందని మళ్లీ ఆట మొదలుపెట్టడం రెండు జట్లనూ చెడగొడుతుంది.

నెమ్మదిగా ఆడినందుకు శిక్ష ఎలా ఉండాలో కూడా ఒక ఉదాహరణ చెప్పి ముగిస్తాను. 2013 మాస్టర్స్ టోర్నమెంటులో చైనాకు చెందిన పద్నాలుగేళ్ల బాలుడు గువాన్ తియాన్‌లాంగ్ ఆడాడు. రెండవ రోజు పదిహేడవ హోల్ దగ్గర, ముందుగా హెచ్చరించిన తరువాత, ఆలస్యానికి అతనికి ఒక స్ట్రోక్ పెనాల్టీ (స్కోరుకు ఒక దెబ్బ కలపడం) వేశారు. పిల్లవాడని వదిలేయలేదు, పిల్లవాడని తూలనాడనూ లేదు. అతను ఆ పెనాల్టీని మారు మాట్లాడకుండా తీసుకొని, కట్ (చివరి రెండు రోజులు ఆడటానికి అర్హత గీత) దాటి, చివరి రెండు రోజులూ ఆడి, అమెచ్యూర్లలో (డబ్బు కోసం ఆడనివారిలో) అందరికంటే మెరుగైన స్కోరుతో ముగించాడు. నియమం అలా పనిచేయాలి.

కృష్ణ ఒడ్డు:

పై సభ్యుడు చెప్పినదంతా ఒప్పుకుంటూనే ఒక్క మాట చేర్చాలనుకుంటున్నాను. ఆదివారం ఉదయం రద్దీకి ఆటగాళ్లను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. రుసుము ఎక్కువ వస్తుందని ఆరేడు నిమిషాలకు ఒక నలుగురి జట్టును టీ మీదికి పంపే చోట, మొట్టమొదట ఎదురయ్యే ‘మూడు పార్’ (పొట్టి) హోల్ దగ్గరే బండ్లు నిలిచిపోతాయి. నాలుగు పార్ మీద ఒక జట్టు గ్రీన్ దగ్గర ఉండగా ఇంకో జట్టు టీ మీద నుంచి కొట్టుకోవచ్చు. మూడు పార్ మీద గ్రీన్ ఖాళీ అయితే గానీ వెనకవారు కొట్టలేరు. ఆరు నిమిషాలకు ఒక జట్టు వస్తుంటే, ఒక్కో జట్టు ఆ హోల్ ముగించడానికి పది నిమిషాలు తీసుకుంటుంటే, ప్రపంచంలో ఎంత వేగంగా ఆడేవారిని తెచ్చి పెట్టినా అక్కడ గుంపు పెరుగుతూనే ఉంటుంది. కనుక టైమ్ తీసుకునేటప్పుడే జట్టుకూ జట్టుకూ మధ్య ఎంత వ్యవధి ఇస్తున్నారో అడగండి. మూడు పార్ హోల్ దగ్గర గుంపు కనపడితే, గ్రీన్ చేరిన జట్టు బంతులకు గుర్తులు పెట్టి పక్కకు జరిగి, వెనకవారిని కొట్టమని చేయి ఊపి, వారు నడిచి వచ్చేలోగా తమ పట్‌లు పూర్తి చేసుకోవడం ఒక మంచి అలవాటు. ఇది చేసే జట్లు తక్కువ. చేసినచోట మాత్రం అందరి ముఖాలూ తేటపడతాయి.

మునుం:

అందరికీ నమస్కారం. నాది జడ్చర్ల దగ్గర ఒక పల్లె. పదహారేళ్ల వయసులో మా అన్నతో నగరానికి వచ్చి, పద్నాలుగేళ్లు క్యాడీగా బ్యాగులు మోశాను. ఇప్పుడు ఒక కోర్సులో గ్రీన్ల నిర్వహణ పనిలో ఉన్నాను. ఆడే పెద్దలు మాట్లాడుకుంటున్నచోట నేను మాట్లాడవచ్చునో లేదో అనుకున్నాను గానీ, ఆట ఎక్కడ ఆగిపోతుందో బ్యాగు మోసినవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కనుక రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ సమయం పోయేది బంతి పడిన చోటు చూడకపోవడం వల్ల. కొట్టినాయన దెబ్బ బాగా పడలేదని తెలిసిన వెంటనే తల దించుకుంటాడు, లేదా క్లబ్బును చూసుకుంటాడు. మిగిలిన ముగ్గురు అప్పటికే తమ బ్యాగుల వైపు తిరిగి ఉంటారు. బంతిని చూసిన కళ్లు ఒక్క జత కూడా ఉండవు. మా పెద్ద క్యాడీ నాకు మొదటి రోజే నేర్పిన పని ఇది: బంతి ఆగేవరకు కన్ను తిప్పకూడదు, ఆగిన చోటుకు వెనక ఏదో ఒక గుర్తు, రెండు కొమ్మలుగా చీలిన చెట్టో, తెల్లగా కనపడే బండో, మనసులో కట్టేసుకోవాలి, ఆ గుర్తు మీదికే నేరుగా నడవాలి, అడ్డదిడ్డంగా కాదు. నలుగురూ నలుగురి బంతులనూ ఇలా చూస్తే తుమ్మచెట్ల కింద ఆరు నిమిషాలు గడపవలసిన అవసరం చాలాసార్లు రానే రాదు.

రెండవది బ్యాగు. గ్రీన్‌కు ముందు వైపు బ్యాగు పెట్టి, పట్ అయిపోయాక దానికోసం వెనక్కి నడిచి వచ్చి, అక్కడే నిలబడి స్కోరు రాసుకుంటారు. వెనకవారు ఫెయిర్‌వేలో నుంచి అదంతా చూస్తూ నిలబడతారు. గ్రీన్ మీదికి వెళ్లేటప్పుడే బ్యాగును తరువాతి టీకి పోయే దారి వైపు పెట్టండి. స్కోరు అక్కడికి చేరాక రాసుకోండి. పట్ తప్పిపోయిందని అదే పట్‌ను మళ్లీ రెండుసార్లు కొట్టి చూసుకునే అలవాటు కొందరికి ఉంటుంది. వెనక ఎవరూ లేని సాయంత్రం అయితే సరే. ఆదివారం ఉదయం అది ఇతరుల సమయం.

తొందర పేరుతో మానేయకూడని పనులు కూడా ఉన్నాయి. గ్రీన్ మీద బంతి పడిన గుంటను వెంటనే సరిచేస్తే గడ్డి త్వరగా కోలుకుంటుంది. అలాగే వదిలేస్తే అక్కడి వేరు ఎండి, ఆ మచ్చ చాలా రోజులు ఉండిపోతుంది. మా ఎండల్లో, మే నెలలో అయితే, అది పూర్తిగా మాసిపోవడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. బంకర్‌లో (ఇసుక గుంటలో) నుంచి బయటికి వస్తూ రేక్‌తో అడుగుల గుర్తులు చదును చేయడానికి పట్టేది పది, పదిహేను సెకన్లు. ఆ పది సెకన్లు మిగుల్చుకొని ఫోను చూసుకుంటూ నిలబడేవారిని చూసినప్పుడు మనసుకు కష్టమనిపిస్తుంది, ఎందుకంటే తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి ఆ ఇసుకను సమం చేసింది మేము.

నా పేరు గురించి కూడా చెప్పాలి. మా పల్లెలో పత్తి చేనులో కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లు మునుం పట్టి ఒకే వరుసలో కదులుతారు. ఒకామె సాలులో గడ్డి ఎక్కువ ఉండి వెనకబడితే, పక్క సాలులో ఉన్నామె తన పనితోపాటు అటు కూడా చేయి వేసి మునుం సమం చేస్తుంది. వెనకబడిన ఆమెను ఎవరూ మాట అనరు. ఆమె కూడా ఎవరో వస్తారులే అని కూర్చోదు. నలుగురు ఆడే జట్టును చూసినప్పుడల్లా నాకు మా అమ్మ పట్టిన మునుమే గుర్తుకు వస్తుంది. బంకర్‌లో ఉన్నాయన పట్టర్‌ను పక్కవారు గ్రీన్ దగ్గరికి తెచ్చి ఉంచితే, ముందు పట్ ముగించినాయన జెండా దగ్గర నిలబడితే, ఆలస్యమైనాయనకు ఒక్క మాట అనకుండానే జట్టు ముందుకు సాగిపోతుంది. పద్నాలుగేళ్లలో నేను చూసిన మంచి జట్లు ఇలాగే ఆడాయి, వారిలో చాలామంది గొప్ప ఆటగాళ్లేమీ కారు.

లెక్కల సార్ మళ్లీ రావాలని నా మనవి.

సరళాసాగర్ గట్టు:

నేను వనపర్తి ఆడపడుచును, నగరంలో ఉద్యోగం చేస్తున్నాను. డెబ్బై నాలుగేళ్ల మా నాన్నగారితో కలిసి నెలకు ఒకటి రెండుసార్లు ఆడుతుంటాను. ఆడవాళ్లూ, పెద్దవాళ్లూ ఉన్న జట్టు అనగానే వెనకవారు ముందే నిట్టూర్చడం మాకు అలవాటైపోయింది, అయినా అలవాటైనంత మాత్రాన బాధ తగ్గదు. నిజానికి నాన్నగారు కొట్టేది దగ్గరి దూరమే అయినా నేరుగా కొడతారు. ఆయన బంతి కోసం మేము వెతికిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రెండు వందల ఎనభై గజాలు కొట్టాలని ప్రయత్నించి పక్క ఫెయిర్‌వేలో బంతి వెతుక్కునే యువకుల జట్టు వెనక మేము ఎన్నోసార్లు ఆగాము.

పానగల్లు సార్‌కు నేను చెప్పదలచుకున్నది రెండే సంగతులు. మొదటిది, గ్రీన్‌కు దగ్గరగా ఉండే ముందు టీ నుంచి ఆడండి. దూరపు టీ మీద నుంచి ఆడితే గౌరవమన్న భావన మన దగ్గర ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, రెండు దెబ్బల్లో చేరవలసిన గ్రీన్‌కు నాలుగు దెబ్బలు పడుతుంటే ఆ ఆటలో ఆనందం ఉండదు, సమయం ఎలాగూ పోతుంది. రెండవది, స్నేహపూర్వకంగా ఆడే రోజున ప్రతి హోల్‌నూ చివరిదాకా ఆడి తీరాలన్న పట్టుదల వదులుకోండి. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి కొన్ని దెబ్బలు మినహాయించే) విధానంలో ఒక్కో హోల్‌కు లెక్కలోకి వచ్చే స్కోరుకు పరిమితి ఉంది: పార్ మీద రెండు, దాని మీద ఆ హోల్‌కు మీకు వచ్చే హ్యాండిక్యాప్ స్ట్రోక్‌లు. ప్రతి హోల్‌కూ రెండు స్ట్రోక్‌లు వచ్చే వ్యక్తికి నాలుగు పార్ మీద ఎనిమిది. ఆ తరువాత తొమ్మిదైనా పన్నెండైనా లెక్క ఎనిమిదే. హ్యాండిక్యాప్ ఇంకా రానివారికి ఆ పరిమితి పార్ మీద ఐదు. కనుక అక్కడికి చేరాక బంతి ఎత్తుకోవడంలో నష్టం లేదు. స్టేబుల్‌ఫోర్డ్ (ప్రతి హోల్‌కూ పాయింట్లు ఇచ్చే) పద్ధతిలో ఆడితే ఇంకా సులభం, పాయింటు రాదని తెలిసిన క్షణమే బంతి జేబులో వేసుకోవచ్చు. స్ట్రోక్ ప్లే పోటీలో మాత్రం ఇది కుదరదు, అక్కడ బంతి హోల్‌లో పడవలసిందే.

నాన్నగారు బంకర్‌లో మూడు దెబ్బలు కొట్టి బయటపడకపోతే బంతి చేత్తో తీసుకొని, రేక్ చేసి, నవ్వుతూ జెండా పట్టుకొని నిలబడతారు. ఆయన స్కోరు ఎంతో నాకు ఏనాడూ గుర్తుండదు, ఆ రోజు ఆయన ఎంత సంతోషంగా ఇంటికి వచ్చారో గుర్తుంటుంది.

పానగల్లు వాసి:

సమాధానాలు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ అచ్చు వేయించి మా మిత్రునికి ఇచ్చాను. రెండు రోజుల తరువాత ఆయనే ఫోను చేసి, ‘వంద నిమిషాల లెక్క సరిగ్గానే ఉంది, అయితే అది ఎక్కడెక్కడ పోతున్నదో చూడాలి’ అన్నారు. నిన్నటి ఆదివారం నలుగురమూ వెళ్లి వచ్చాము. ముందుగా ఆ బంతి విషయాన్ని కోర్సు మేనేజరుకు సమయంతో సహా వ్రాసి ఇచ్చాము. ఆయన మార్షల్‌ను పిలిచి మా ఎదుటే మాట్లాడారు.

ముందు టీల నుంచి ఆడాము. బంతి పడిన చోటుకు గుర్తు కట్టడం మొదటి మూడు హోల్స్‌లో మరచిపోయాము, ఆ తరువాత ఒకరికొకరం గుర్తు చేసుకున్నాము. ప్రొవిజనల్ రెండుసార్లు కొట్టాము. ఒకసారి అసలు బంతి దొరికింది. లెక్కల మిత్రుడు స్కోర్‌కార్డు వెనక పెన్సిలుతో గడులు గీసుకొని, వెతకడానికి ఎంత, గ్రీన్ మీద ఎంత, టీ మీద ఎంత అని ప్రతి హోల్‌కూ రాసుకున్నారు. వెతకడానికి మొత్తం పదకొండు నిమిషాలే పోయింది. మమ్మల్ని ఆశ్చర్యపరిచింది గ్రీన్లు: ఎవరు ముందు ఆడాలని ఒకరినొకరు ‘మీరు కానివ్వండి, మీరు కానివ్వండి’ అనుకుంటూ నిలబడటంలోనే చాలా సమయం పోతున్నదని ఆయన గడులు చూపించాయి. మన ఇళ్లలో భోజనాల పంక్తి దగ్గర పాటించే మర్యాద అక్కడ పనికిరాదని అందరమూ ఒప్పుకున్నాము.

పన్నెండవ హోల్ దగ్గర వెనక ఇద్దరు యువకులు వచ్చారు. మా ముందు హోల్ ఖాళీగా లేకపోయినా, ఇద్దరే కనుక, రమ్మని చేయి ఊపాము. ముందు జట్టు వారు కూడా వారిని పోనిచ్చారు. ఒకతను మమ్మల్ని దాటుతూ టోపీ తీసి, ‘థాంక్యూ అంకుల్, మా ఆట ఎక్కడా ఆగలేదు’ అన్నాడు. అందుకు మాకు పట్టింది నాలుగు నిమిషాలు; ఆ నాలుగు నిమిషాలూ వేపచెట్టు నీడలో నిలబడి నీళ్లు తాగాము. ఆట మొత్తం నాలుగు గంటల ముప్పై ఐదు నిమిషాల్లో ముగిసింది. పదకొండు కాకముందే ఎండ నుంచి బయటపడ్డాము.

వచ్చే నెల మొదటి ఆదివారం మాది ఆరు గంటల నలభై నిమిషాల టీ టైమ్. లెక్కల మిత్రుడు కొత్త కార్డు వెనక ఇప్పటికే గడులు గీసిపెట్టారు, ఈసారి గ్రీన్ల గడి కొంచెం వెడల్పుగా.